రసీదు అడగని కోత

ముప్పై ఏళ్లకు ఒకటి తక్కువ, అన్నేళ్లు నేను మనుషుల బిల్లుల్లోంచి డబ్బు కోశాను. ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే కాలువల డివిజన్‌లో అకౌంట్సు అని చెప్పేదాన్ని. నిజానికి చేసింది ఒక్కటే పని. కాంట్రాక్టరు పని చేస్తాడు, బిల్లు వస్తుంది, అందులో కోయవలసినవి కోసి మిగిలినదానికి చెక్కు రాయాలి. ఈ మధ్య ఆ సీట్లోకి కొత్తగా వచ్చిన ఇద్దరు మా ఇంటికొచ్చి, “రూల్సు పుస్తకంలో ఉన్నాయండి, పుస్తకంలో లేనివి చెప్పండి” అన్నారు. అడగవలసిందే అడిగారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ఏ ఊరి ఆఫీసో చెప్పను. గోదావరి కాలువ గట్టు మీద ఉండేది, అంతవరకు చాలు. నా ప్రమోషన్ల సంగతీ చెప్పను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి, రానివి రాలేదు.

మాది తుని. నాన్నకు కిరాణా కొట్టు ఉండేది. అర్ధణా బెల్లం కొన్నవాడికి కూడా చీటీ రాసిచ్చేవారు. అంత బెల్లానికి చీటీ ఏమిటి నాన్నా అని నవ్వితే, “డబ్బు పుచ్చుకుని చీటీ ఇవ్వకపోతే అది వ్యాపారం కాదమ్మా, లాక్కోవడం” అనేవారు. ఆ ఇంట్లో పుట్టి, ఆ మాట వింటూ పెరిగి, నేను చేసిన తప్పు ఏమిటో చెబుతాను వినండి.

నీళ్లు ఆపిన రెండు నెలలు

డెల్టాలో కాలువల పనంతా ఎండాకాలంలోనే. దాళ్వా, అంటే రెండో పంట, కోతలు అయ్యాక ఆనకట్ట దగ్గర నీళ్లు ఆపేస్తారు. దాన్ని క్లోజరు అంటారు. మళ్లీ జూన్‌లో నీళ్లు వదిలేలోగా పూడిక తీయాలి, గట్లు ఎత్తు చేయాలి, జారిన రాళ్లు పేర్చాలి, లాకుల తలుపులు బాగుచేయాలి. పెద్ద పనులకు రాజమండ్రి నుంచీ కాకినాడ నుంచీ పెద్ద కాంట్రాక్టర్లు వచ్చేవారు. మిగతాదంతా చిన్నవాళ్లది. ఎకరమో రెండెకరాలో సొంత పొలం, ఊళ్లోవాళ్లతో ఒక ముఠా, రెండు నెలలు ఒళ్లు దాచుకోకుండా పని. ఆ రెండు నెలల సంపాదన మీదే వాళ్లకు ఏడాదంతా గడవాలి.

ఇక రెండో సంగతి. మా ఆఫీసులో బిల్లు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదికి వెళ్లేది. ప్రతి బల్ల దగ్గరా నూటికి ఇంత అని ఒక లెక్క ఉండేది. తిలా పాపం తలా పిడికెడు. దాని పేరు మామూలు. దానికీ కొన్ని మర్యాదలు ఉండేవి. బేరం ఆడకూడదు, ఎవరికి చేరుతుందని అడగకూడదు, పైకి చెప్పుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కాగితం అడగకూడదు.

ఆఫీసు మొత్తానికి నేనొక్కదాన్నే ఆడమనిషిని. నాకెలా ఇవ్వాలో పాపం వాళ్లకు తెలిసేది కాదు. ఒకాయన భార్యను వెంటబెట్టుకొచ్చి, నాకు బొట్టు పెట్టించి, జాకెట్టు ముక్క మడతలో నోటు పెట్టించి చేతికిప్పించాడు. జాకెట్టు ముక్క ఉంచుకుని నోటు ఆవిడకే ఇచ్చేశాను. ఆ కబురు అందరికీ తెలిసినట్టుంది, తర్వాత ఎవరూ నా జోలికి రాలేదు. రాలేదనే అనుకున్నాను.

నేను తీసుకోలేదని గొప్ప చెప్పుకోవడం లేదు. నా పక్క బల్ల మూర్తి గారిది. బిల్లు ఆయన చూశాకే నా దగ్గరికి రావాలి. ఆయన నోటితో ఏమీ అడిగేవారు కాదు. మనిషి ఎదురుగా వచ్చి నిలబడితే బల్ల సొరుగు రెండంగుళాలు తెరిచేవారు. అది తెరుచుకున్న చప్పుడు వినబడగానే నేను తల దించుకుని లెజరులోకి చూసేదాన్ని. ఏళ్ల తరబడి అలాగే చూశాను. సిగ్గుపడవలసిన పనే.

నూటికి రెండు

డెబ్బైల మొదట్లో పైనుంచి ఒక సర్క్యులరు వచ్చింది. గవర్నమెంటు పనులు చేసే కాంట్రాక్టర్లకు చెక్కు ఇచ్చేటప్పుడే నూటికి రెండు రూపాయలు ఆదాయపు పన్ను కింద పట్టుకోవాలి. పట్టుకున్నది పన్నుల ఖాతాకు కట్టాలి. పట్టుకున్నట్టు కాంట్రాక్టరుకు సర్టిఫికెట్టు ఇవ్వాలి. అతను ఏడాది చివర ఆ సర్టిఫికెట్టు జతచేసి రిటర్ను వేస్తే, కట్టవలసిన పన్ను కంటే ఎక్కువ పట్టుకున్నది వెనక్కి ఇస్తారు. చిన్న కాంట్రాక్టర్లలో చాలామంది ఆదాయం పన్ను హద్దు దాకా కూడా రాదు. అంటే ఆ రెండు రూపాయలూ వాళ్లవే. కొన్నాళ్లు సర్కారు దగ్గర ఉండి వస్తాయి, అంతే.

రూలు మంచిదో చెడ్డదో అప్పుడు నేను ఆలోచించలేదు. ఇప్పుడు అడిగితే మంచిదే అంటాను. కానీ నేను దాన్ని సగమే అమలు చేశాను. డబ్బు పట్టుకున్నాను, నెల నెలా మొత్తం కలిపి ఒకే చలానాతో ఖాతాకు కట్టాను. సర్టిఫికెట్ల దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కటీ టైపు చేయించాలి, సంతకం పెట్టించాలి, అంతా తలనొప్పి. అడిగినవాళ్లకు ఇద్దాంలే అనుకున్నాను. పన్నుల ప్లీడర్లున్న పెద్ద కాంట్రాక్టర్లు ముగ్గురో నలుగురో అడిగి పట్టుకెళ్లారు. చిన్నవాళ్లు ఒక్కరూ అడగలేదు. అడగందే అమ్మయినా పెట్టదు అనుకుని ఊరుకున్నాను.

కొత్త కోతకు గొడవ చేస్తారేమో అని మొదట భయపడ్డాను. ఒక్కరూ నోరెత్తలేదు. ఎంత బుద్ధిగా ఒప్పుకున్నారో చూశారా అని మా డివిజనల్ అకౌంటెంటు సోమయాజులు గారితో మురిసిపోతూ అన్నాను కూడా. మీరు మాత్రం ఇది గుర్తుపెట్టుకోండి. డబ్బు కోస్తే మనిషి నోరెత్తకుండా వెళ్లిపోతున్నాడంటే అక్కడేదో తప్పు జరుగుతోంది. ఆ సంగతి అర్థం కావడానికి నాకు మూడేళ్లు పట్టింది.

అలా నోరెత్తకుండా వెళ్లినవాళ్లలో వీర్రాజు ఒకడు. లంక గ్రామం మనిషి, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. ఎకరన్నర పొలం, ముప్పై మంది ముఠా. ఏటా లాకు దిగువన మూడు మైళ్ల పూడిక పని అతనిదే. ఆ ముక్కలో బురద ఎక్కువని ఇంకెవరూ పోటీకి వచ్చేవారు కాదు. మొదటిసారి నేను రెండు రూపాయలు కోసినప్పుడు, ఇదేంటండి కొత్తగా అని అడిగాడు. గవర్నమెంటు రూలండి, నా చేతిలో లేదు అన్నాను, తల కూడా ఎత్తకుండా. “ఆయ్” అని చెక్కు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

నాలుగో ఏడు

మూడు క్లోజర్లు అలా గడిచాయి. నాలుగో ఏడు ఇంకో రూలు వచ్చింది. టెండరు వేసే కాంట్రాక్టరు, పన్ను బాకీ ఏమీ లేదని ఆదాయపు పన్ను ఆఫీసు నుంచి క్లియరెన్సు తెచ్చి జతచేయాలి. అది లేని టెండరు తెరవకుండానే పక్కన పడేస్తారు. తేగల రోజులవి. ఏటా తెచ్చినట్టే వీర్రాజు ఉడకబెట్టిన తేగల కట్ట తెచ్చి ఆఫీసులో అందరికీ పంచి, టెండరు ఫారం అడిగాడు. మూర్తి గారు కొత్త రూలు చెప్పి పంపించేశారు.

మర్నాడు రాజమండ్రిలో ఎవరో పన్నుల ప్లీడరును కలిసి, తిన్నగా నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“ప్లీడరుగారు ఏదో సర్టిఫికెట్టు తెమ్మన్నారండి. మూడేళ్లు పన్ను కోసినట్టు. అదుంటేగాని క్లియరెన్సు రాదంటండి. మీరిస్తారని చెప్పారు.”

“ఇస్తాను. ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదు మీరు?”

వీర్రాజు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు. “అది పన్నని నాకు తెలీదండి. రూలంటే పైకి అలా అంటారనుకున్నాను. మీ బల్ల మామూలనుకున్నాను.”

చేతిలో కలం కింద పెట్టేశాను. నేనేదో అపార్థం చేసుకున్నానని కాబోలు, అతనే సర్దిచెప్పాడు.

“మామూలుకి రసీదు అడిగితే బాగోదు కదండి. మీరు చిన్నబుచ్చుకుంటారని అడగలేదు.”

తిట్టినా బాగుండేది. మనిషి మర్యాదకు పోయి మూడేళ్లు తన డబ్బు వదులుకున్నాడు. ఇతనొక్కడే కాదు, అందరూ అంతే. జాకెట్టు ముక్క మడతలోంచి నోటు తీసి తిరిగిచ్చానని నేను తల ఎత్తుకు తిరుగుతున్నానా, వాళ్ల లెక్కలో ఆ ఆఫీసులో అందరికంటే గట్టి మనిషిని నేనే. మిగతావాళ్లు సొరుగు తెరిచి ఇస్తే పుచ్చుకుంటారు. నేనైతే వాళ్లు ఇవ్వక్కర్లేకుండా చెక్కులోనే కోసేసుకుంటున్నాను.

టెండరు పెట్టె మూయడానికి ఇంక మూడు వారాలు కూడా లేదు. ఈ ఏడు పని రాకపోతే ఏమవుతుందని అడిగాను. వీర్రాజు గొంతు పెంచకుండానే చెప్పాడు.

“మా ముఠావోళ్లు ఇంకో మేస్త్రితో పోలవరం వైపు రాళ్ల పనికి ఎల్లిపోతారండి. ఎల్లినోళ్లు మళ్లీ నా దగ్గరికి రారు. నాకు ముఠా లేకపోతే నేనూ కాంట్రాక్టర్ని కాదండి.”

మీ క్లియరెన్సు నేను తెప్పిస్తాను, వెళ్లి టెండరు రాసుకోండి అన్నాను. ఎలా తెప్పిస్తానో నాకే తెలియదు. ఆ పూట నోటికొచ్చిన మాట అది.

సంతకం

సోమయాజులు గారు చెడ్డవారు కారు. నాకు పని నేర్పింది ఆయనే. సంగతి చెబితే కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నెమ్మదిగా అన్నారు. “అమ్మా పరమేశ్వరీ, ఇప్పుడు మూడేళ్ల సర్టిఫికెట్లు ఇస్తే, మూడేళ్లు ఇవ్వలేదని మనంతట మనమే రాసిచ్చినట్టు. ఆడిట్‌వాళ్లకు విస్తరి వేసి వడ్డించినట్టే. ఈ ఏడాదివి ఇవ్వు. పాతవి వాళ్లు అడగలేదు, మనం ఇవ్వలేదు. వదిలెయ్.”

అబద్ధం ఎందుకు, ఒక పూటంతా ఆ మాట నాకూ నచ్చింది. ఉద్యోగం పోతే మా ఇంట్లో ఇబ్బందే. కానీ వదిలేస్తే వీర్రాజుకు క్లియరెన్సు రాదు. మధ్యాహ్నం క్యారియరు తెరిచాను. నాన్న చీటీల పుస్తకం కళ్లముందు కనపడుతోంది. మూత పెట్టేసి, లేచి ఈఈ గారి గదికి వెళ్లాను.

ఈఈ గారంటే డివిజన్ మొత్తానికి పెద్ద ఇంజినీరు. నెల్లూరు మనిషి, మాట తక్కువ. ఆయనంటే అందరికీ హడలు. అంతా విని ఒకటే అడిగారు.

“తప్పు ఎవరిది?”

“నాదేనండి.”

“కాగితం మీద రాస్తారా?”

రాస్తానన్నాను. అక్కడే కూర్చుని, సర్టిఫికెట్లు ఇవ్వవలసిన బాధ్యత నాదనీ, మూడేళ్లు ఇవ్వలేదనీ, ఇప్పుడు ఇవ్వడానికి అనుమతి కావాలనీ రాశాను. ఆయన చదివి, దాని కింద తన చేత్తో ఇంకో వాక్యం రాసి సంతకం పెట్టారు. ‘ఇది నేనూ చూసుకోవలసింది.’ అంతే రాశారు. బయటికి వచ్చి వరండాలో నిలబడి ఏడ్చాను. పైవాడంటే ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే ఇప్పటికీ ఆ ఒక్క వాక్యమే చెబుతాను.

తర్వాత మూడు రోజులు పాత బిల్లులన్నీ కిందికి దింపి, ఎవరి దగ్గర ఎంత పట్టుకున్నామో పేరు పేరునా రాశాను. ఒకే చలానాతో మొత్తం కట్టేయడం వల్ల పన్నుల ఆఫీసుకు డబ్బు చేరింది గాని అది ఎవరిదో వాళ్లకు తెలియదు. ఆ జాబితా కూడా తయారుచేశాను. వద్దన్న సోమయాజులు గారే కూడికలు సరిచూడ్డానికి పక్కన వచ్చి కూర్చున్నారు.

బురద లోతు

వీర్రాజు ఆదాయపు పన్ను ఆఫీసుకు ఒంటరిగా వెళ్లనన్నాడు. గోదావరిలో మొసలి ఎదురొచ్చినా భయపడేవాడు కాడేమో గాని ఆ ఆఫీసు పేరు చెబితే అతనికి చెమటలు పట్టేవి. ఒక రోజు సెలవు పెట్టి నేనూ వెళ్లాను. అతని ఒంటి మీద చాకలి మడత నలగని పంచె, చొక్కా, చేతిలో తేగల కట్ట. అది ఎందుకని అడిగితే, ఒట్టి చేతులతో ఎలా వెళ్తామండి అన్నాడు.

ఆఫీసరు కుర్రవాడు. నేనిచ్చిన సర్టిఫికెట్లు చూసి, మూడేళ్ల ఆదాయమూ ఖర్చూ చెప్పమన్నాడు. వీర్రాజు దగ్గర పుస్తకం లేదు. ఇక అయిపోయిందనుకున్నాను. కాని అతను కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. మొదటి ఏడు లాకు దగ్గర బురద మొలలోతు, ముప్పై రెండు మంది, ఇన్ని రోజులు, కూలి ఇంత. వంతెన దాటాక మోకాలిలోతు, అక్కడ ఇరవై మంది సరిపోయారు. రెండో ఏడు గుర్రపుడెక్క కుళ్లి అడుగున పేరుకుంది, అందుకని ఆరు రోజులు ఎక్కువ పట్టింది. అలా మూడేళ్లూ, ఏ మైలులో ఏ లోతో, ఎవరు ఎన్ని రోజులు వచ్చారో. మా కొలతల పుస్తకం నకలు నా చేతిలో ఉంది. ఆఫీసరు అది తీసుకుని వేలు పెట్టి చూస్తూ కూర్చున్నాడు. లోతుల్లో గాని మైళ్లలో గాని ఎక్కడా తేడా రాలేదు.

“మీ ఆదాయం పన్ను హద్దులోకే రాదండి. మీరు మాకు కట్టక్కర్లేదు. మేమే మీకు వెనక్కి ఇవ్వాలి” అన్నాడు ఆఫీసరు. వీర్రాజు నావైపు చూశాడు. నిజమేనని తలూపాను. అప్పుడు తేగల కట్ట బల్ల మీద పెట్టాడు. ఆ కుర్రవాడు అందులోంచి ఒక్క తేగ తీసుకుని, అక్కడే తొక్క ఒలిచి తిని, బాగుందండి, ఒకటి చాలు అని కట్ట తిరిగిచ్చేశాడు.

మెట్లు దిగుతూ వీర్రాజు, ఆయనకు ఎంత ఇవ్వాలండి అని అడిగాడు. ఏమీ వద్దన్నాను. మరి మీకండి అన్నాడు. నాకు కోపం ఎంత వచ్చిందంటే, నడిరోడ్డు మీద నిలబడి చెడామడా తిట్టాను. పాపం అతని తప్పేముంది. అతనికి తెలిసిన ఆఫీసులన్నీ అలాగే ఉండేవి. ఆ మాట నాకు ఇంటికొచ్చాక తట్టింది.

పెట్టె మూయడానికి నాలుగు రోజుల ముందు క్లియరెన్సు వచ్చింది. ఏటా ఉన్న మూడు మైళ్ల ముక్కే మళ్లీ వీర్రాజుకు వచ్చింది. ముఠాలో ఒక్కరూ పోలవరం వెళ్లలేదు.

కాలువ అడుగున

మిగతావాళ్ల సర్టిఫికెట్లు నా బల్ల మీద కట్టగా ఉండిపోయాయి. కార్డులు రాశాను, ఎవరూ రాలేదు. ఆఫీసు నుంచి కార్డు వస్తే మంచికి రాదని వాళ్ల నమ్మకం. ఏం చేయాలా అని ఆలోచిస్తుంటే ఒక సంగతి తట్టింది. క్లోజరులో వాళ్లంతా ఒకే చోట ఉంటారు, కాలువలో. ఈఈ గారి అనుమతితో సంచీలో కాగితాలూ సిరాబుడ్డీ వేసుకుని, పొద్దున్న ఎండ ముదరకముందే కాలువలోకి దిగాను. చెప్పులు చేత పట్టుకుని, చీర కుచ్చెళ్లు ఎగదోపి, వారం రోజులు నడిచాను.

ఒకాయన నన్ను దూరం నుంచి చూసి గట్టెక్కి పరుగు లంకించుకున్నాడు. నోటీసు తెచ్చాననుకున్నాడు. అతని భార్య మట్టితట్ట కింద పెట్టి, “మా ఆయన ఊళ్లో లేడండి” అంది. అతని తలపాగా గట్టవతల కనబడుతూనే ఉంది. వీర్రాజు వచ్చి కేకేస్తే గాని దిగిరాలేదు. ఆ తర్వాత వీర్రాజే నా ముందు నడిచి, ప్రతివాడికీ చెప్పాడు. ఇది మామూలు కాదురా, పన్నంట, తీసుకో, దాచుకో, డబ్బు వెనక్కి వస్తది. నేను అన్నేళ్లు చదివిన రూల్సు అతను మూడు ముక్కల్లో చెప్పేస్తుంటే నవ్వొచ్చింది. అందరూ కాదుగాని చాలామంది తీసుకున్నారు. తడవకుండా తలపాగాలో దోపుకున్నారు.

మరుసటి ఏడు నుంచి చెక్కుతో పాటే సర్టిఫికెట్టు ఇచ్చేదాన్ని. సర్టిఫికెట్టు రాసి పక్కన పెట్టుకున్నాకే చెక్కు పుస్తకం తెరవడం అలవాటు చేసుకున్నాను. మీరూ చేసుకోండి. పన్ను పడేంత ఆదాయం లేనివాళ్లు ముందే పన్నుల ఆఫీసులో దరఖాస్తు పెట్టుకుంటే కోత తగ్గించే వీలు కూడా ఉందని చెప్పండి. చెప్పడం మన పని కాదని పైవాళ్లు అనవచ్చు. అననివ్వండి.

ఆడిట్‌వాళ్లు వచ్చారు, సోమయాజులు గారు భయపడినట్టే పట్టుకున్నారు. నాకు మెమో వచ్చింది. దాన్ని ఇంకా దాచుకున్నాను.

మట్టి అమ్మితే కదా

ఆ పాఠం నాకు ఎనభైలలో పనికొచ్చింది. కాంట్రాక్టు పనుల్లో వాడే సామానుకు కూడా అమ్మకపు పన్ను వర్తిస్తుందని అప్పుడు కొత్త రూలు వచ్చింది. అప్పటికి మా ఈఈ గారు మారారు. కొత్తాయన జాగ్రత్తపరుడు. ఎందుకైనా మంచిది, అన్ని బిల్లుల్లోనూ కొంత పట్టి ఉంచుదాం, తర్వాత చూద్దాం అన్నారు. వెనకటి నేనైతే తలూపేదాన్నే. ఈసారి రూలు తెచ్చి ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. రాళ్లు పేర్చే పనికి రాళ్లు కొంటారు, సిమెంటు కొంటారు, సరే. పూడిక తీసేవాడు కాలువలో మట్టి తీసి గట్టు మీద పోస్తాడు. ఎవరు ఎవరికి ఏం అమ్మినట్టండి అని అడిగాను. ఆయనకు కోపం వచ్చింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పూడిక బిల్లులు పట్టకుండా వదిలేయమని రాసి పంపారు. నోరు తెరిచి అడిగితే పైవాళ్లు కూడా వింటారని అప్పుడు తెలిసింది.

సొరుగు

వీర్రాజు రీఫండు సంగతి చెప్పకుండా ముగించలేను. అది జరిగింది ఆ క్లియరెన్సు గొడవ అయిన మరుసటి ఏడు. క్లోజరు అయిపోయి, కాలువల్లో నీళ్లు వదిలి, బిల్లుల కోసం కాంట్రాక్టర్లు వరుసగా నిలబడ్డ రోజు. వీర్రాజు ముందు నా దగ్గరికి వచ్చి, మూడేళ్ల డబ్బూ వెనక్కి వచ్చిందని చెప్పాడు. ఏం చేశారని అడిగాను. ఎద్దును కొన్నానండి, మీ పేరే పెడదామంటే మా ఆవిడ ఒప్పుకోలేదండి అన్నాడు. ఎద్దుకు నా పేరేమిటని తిట్టబోయి నవ్వేశాను.

తర్వాత మూర్తి గారి బల్ల దగ్గరికి వెళ్లాడు. వీర్రాజు బిల్లు ఆయన ముందే ఉంది. అది నా బల్ల మీదికి వస్తేనే చెక్కు. మూర్తి గారు తలెత్తకుండానే సొరుగు రెండంగుళాలు తెరిచారు. ఆ చప్పుడుకు నా తల అలవాటుగా కిందికి దిగింది.

వీర్రాజు జేబులోంచి నోట్ల మడత తీశాడు. తీసి చేతిలోనే పట్టుకున్నాడు.

“ఇస్తానండి. రసీదు రాయండి.”

“ఏంటి వీర్రాజూ, హాస్యమా?” అన్నారు మూర్తి గారు.

“కాదండి. అమ్మాయిగారు కోసినదానికి కాగితమిచ్చారండి. ఆ కాగితానికి డబ్బు తిరిగొచ్చిందండి. మీరూ ఇస్తే ఇది కూడా జాగ్రత్తగా దాచుకుంటానండి.”

ఎగతాళి కాదు. ఎప్పుడూ మాట్లాడినంత మర్యాదగానే అన్నాడు. ఆఫీసులో టైపు మిషను ఆగిపోయింది. మూర్తి గారు నావైపు చూశారు. అన్నేళ్లలో మొదటిసారి నేను లెజరులోకి చూడలేదు. తలెత్తి ఆయన్నే చూశాను. ఆయన సొరుగు మూసి, బిల్లు నా బల్ల మీదికి తోశారు.

ఆ రోజుతో మా ఆఫీసులో మామూళ్లు పోయాయని చెబితే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. నేను ముందు వీర్రాజుకు సర్టిఫికెట్టు రాశాను, తర్వాత చెక్కు రాశాను. రెండూ చేతికిచ్చాను. అతను దండం పెట్టి పక్కకు తప్పుకున్నాడు.

అతని వెనక నిలబడ్డది, కిందటేడు కాలువలో నన్ను చూసి గట్టెక్కి పరుగెత్తిన మనిషే. ఒక అడుగు ముందుకు వేసి, మూర్తి గారి బల్ల మీద చెయ్యి ఆనించి, “నాక్కూడా రసీదేనండి” అన్నాడు.